గోదారి గట్టు నుంచి అండమాన్ నీటి అడుగుకు: మొదటి స్కూబా డైవ్ యాత్ర ఎలా ప్లాన్ చేసుకోవాలి

గోదారి పాయ వశిష్ఠలో మునిగి కళ్లు తెరిస్తే మన చెయ్యే మనకు కనపడదు. ఆ ఒండ్రు మట్టితోనే కోనసీమ పుట్టింది, లంకలు లేచాయి. ఆ మట్టే నదితోపాటు పోయి మన తీరంలో సముద్రాన్ని కూడా మసక చేస్తుంది. పగడాలు బతకాలంటే వెలుతురు దూరే తేటనీరు కావాలి, ఉప్పదనం నిలకడగా ఉండాలి. అందుకే అంతర్వేదిలో గానీ ఓడలరేవులో గానీ పగడాల దిబ్బలు ఉండవు, స్కూబా డైవింగ్, అంటే వీపున సిలిండర్ కట్టుకుని అందులోని గాలి పీలుస్తూ నీటి అడుగున తిరగడం, చేయించేవాళ్లూ ఉండరు. మనకు దగ్గరలో అయితే విశాఖలో రుషికొండ వైపు చేయిస్తారు. కానీ మొదటిసారే మనసు నిండాలంటే అదే బంగాళాఖాతానికి అవతలి ఒడ్డున ఉన్న అండమాన్ వెళ్లమని చెబుతాను.

మాది అంతర్వేది దగ్గర ఊరు. నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి అసలు నీళ్లలోకి దిగకుండానే వెనక్కి వచ్చాను. రెండోసారి నేను దిగాను. మూడోసారి మా ఆవిడ, మా పిన్ని, మా బావమరిది కూడా దిగారు. ఊళ్లో ఎవరైనా "ఎలా వెళ్లాలండి" అని అడిగిన ప్రతిసారీ చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను. ఈతకు భయపడని గోదారి జిల్లాలవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అది డైవ్ దగ్గరకు వచ్చాక చెబుతాను.

ముందు డైవ్ రోజు ఖాయం చేయండి, టికెట్లు తర్వాత

చాలామంది విమానం టికెట్ చవగ్గా దొరికిందని కొనేసి, తర్వాత హోటల్ చూసుకుని, మిగిలిన రోజున డైవ్ పెట్టుకుంటారు. దీన్ని తిరగేయాలి. డైవ్ రోజు ఖాయం చేసుకుని దాని చుట్టూ మిగతాది కట్టుకుంటూ రండి.

కారణం ఏమిటంటే, డైవ్ చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు. నీటి అడుగున ఒత్తిడి ఎక్కువ కాబట్టి మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ కొంత ఒంట్లో కరుగుతుంది. అది నెమ్మదిగా బయటికి పోవాలి. ఈలోపు విమానం ఎక్కితే పైన ఒత్తిడి తగ్గి ఆ నైట్రోజన్ బుడగలు కడుతుంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవింగ్ సంస్థల నియమం. నేనైతే ఒక రోజంతా ఆగమంటాను.

రెండో కారణం సముద్రం. గాలి లేస్తే డైవ్ ఆపేస్తారు, ఫెర్రీలు కూడా ఆపేస్తారు. మొదటిసారి నేను అండమాన్‌లోని హావ్‌లాక్ ద్వీపంలో ఒకే ఒక్క ఉదయం డైవ్‌కి పెట్టుకున్నాను. ఆ ఉదయమే కెరటాలు ఎక్కువగా ఉన్నాయని ఆపేశారు. "రేపు బాగుంటుంది, రేపు రండి" అన్నారు. రేపు నాకు ఫెర్రీ ఉంది, ఎల్లుండి విమానం ఉంది. ఒడ్డున కూర్చుని ఆ నీలంరంగు నీళ్లు చూసి వచ్చేశాను. అంత దూరం వెళ్లి అలా రావడం ఎంత బాధో మీకు రాకూడదు. అందుకే డైవ్ రోజు తర్వాత ఒక ఖాళీ రోజు తప్పనిసరిగా ఉంచుకోండి. సముద్రం బాగుంటే ఆ రోజు విశ్రాంతి, బాగోకపోతే అదే డైవ్ రోజు.

ఇంటి నుంచి ఇంటికి ఎనిమిది తొమ్మిది రోజులు కేటాయించగలిగితే ఇలా పెట్టుకోండి. అండమాన్‌లో మొదటి రోజు పోర్ట్‌బ్లెయిర్ చేరి సెల్యులార్ జైలు చూడండి. రెండో రోజు పొద్దున్నే ఫెర్రీలో హావ్‌లాక్ వెళ్లి సాయంత్రం రాధానగర్ బీచ్‌లో గడపండి. మూడో రోజు ఉదయం డైవ్. నాలుగో రోజు ఖాళీ. ఐదో రోజు నీల్ ద్వీపం వెళ్లండి, లేదా నేరుగా పోర్ట్‌బ్లెయిర్ వచ్చేయండి. ఆరో రాత్రి మాత్రం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండాలి. విమానం ఉన్న రోజు ఉదయం ఫెర్రీని నమ్ముకుని ద్వీపం నుంచి బయల్దేరకండి.

పేర్ల దగ్గర ఒక మాట. 2018 డిసెంబరులో హావ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ని షహీద్ ద్వీప్ అనీ మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌ని శ్రీ విజయ పురం చేశారు. టికెట్ల మీద ఒక పేరు, బోర్డు మీద ఒక పేరు, ఆటోవాళ్ల నోట ఒక పేరు ఉంటాయి. కంగారు పడకండి, అన్నీ ఒకటే.

ఏ నెలలో

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సీజన్ అంటారు. నా మాట వింటే ఫిబ్రవరి, మార్చి పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే కాలం. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమవాళ్లకు దాని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. మే నుంచి నైరుతి గాలులు మొదలై సముద్రం ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఫిబ్రవరికి నీళ్లు సర్దుకుని తేటగా ఉంటాయి.

వ్యవసాయం ఉన్నవాళ్లకూ ఇదే కుదురుతుంది. సంక్రాంతి చుట్టాలు వెళ్లిపోయి, దాళ్వా నాట్లు పూర్తయి, కోతలకు ఇంకా టైముంటుంది. డిసెంబరు ఆఖరి వారం మాత్రం వద్దు. రద్దీ, రేట్లు రెండూ ఎక్కువే.

ఇక్కడి నుంచి అక్కడికి

అమలాపురానికి రైలు లేదు, కాబట్టి మన ప్రయాణం బస్సుతోనో కారుతోనో మొదలవుతుంది. రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లి, మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లడం సుఖమైన దారి. ఖర్చు తగ్గాలంటే రైల్లోనో రాత్రి బస్సులోనో హైదరాబాద్ చేరవచ్చు. చెన్నై నుంచి వెళ్లేటట్టయితే కాకినాడ నుంచి రాజమండ్రి మీదుగా వెళ్లే సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఉంది. చెన్నైలో దిగాక మెట్రో నేరుగా ఎయిర్‌పోర్టుకే వెళ్తుంది. అక్కడి నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి రెండు గంటల పైచిలుకు. రైలు పొద్దున్న చేరుతుంది కదా అని అదే పొద్దుటి విమానానికి టికెట్ తీయకండి. రైలు రెండు గంటలు ఆలస్యమైతే యాత్ర మొత్తం పోతుంది.

విశాఖ నుంచి ఓడ కూడా ఉంది. సముద్రం మీద 1,200 కిలోమీటర్ల దూరం, రెండు రోజులు దాటుతుంది. నెలకు ఎక్కువసార్లు ఉండదు, తేదీలు కూడా ముందు నుంచీ ఖాయంగా ఉండవు. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు కుదరదు. రిటైరైనవాళ్లకు, ఓడ ప్రయాణం అంటే ఇష్టమున్నవాళ్లకు బాగుంటుంది.

మన దేశం వాళ్లకు పోర్ట్‌బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ వెళ్లడానికి పర్మిట్ అక్కర్లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఒరిజినల్ దగ్గరుంచుకోండి, ఫెర్రీ ఎక్కేటప్పుడు కూడా అడుగుతారు.

సామాన్లో రెండు జాగ్రత్తలు. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. ఎండుకొబ్బరి కాయలు అసలు పెట్టకండి. కోనసీమ నుంచి వెళ్తూ ఎవరికైనా ఇద్దామని పెట్టుకుంటాం. కానీ అందులో నూనె ఎక్కువ, త్వరగా అంటుకుంటుందని విమానంలోకి రానివ్వరు. ఆత్రేయపురం పూతరేకులు నిశ్చింతగా తీసుకెళ్లండి, పగలకుండా గట్టి డబ్బాలో పెట్టుకుంటే చాలు.

భాష గురించి టెన్షన్ పడకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాల్లో దాదాపు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కిందట వెళ్లి స్థిరపడినవాళ్లు. అబర్డీన్ బజార్‌లో కూరగాయల దగ్గర మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే, అమ్మే ఆవిడ "ఏ ఊరమ్మా మీది?" అని మా పిన్నిని పలకరించింది.

ఫెర్రీ

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం దాటడం అలవాటైన మనకు ఫెర్రీ అంటే తేలిగ్గా అనిపిస్తుంది. ఇది అలాంటిది కాదు, నడి సముద్రం మీద ప్రయాణం. మక్రుజ్, నాటికా లాంటి ప్రైవేటు ఫెర్రీలు హావ్‌లాక్‌కి దాదాపు గంటన్నరలో చేరుస్తాయి. ప్రభుత్వ పడవలు చవక, కానీ రెండు రెండున్నర గంటలు పడుతుంది. సీట్లలో ద్వీపవాసులకు ప్రాధాన్యం ఉంటుంది, సీజన్లో దొరకడం కష్టం. విమానం టికెట్ తీసిన రోజే ప్రైవేటు ఫెర్రీ కూడా ఆన్‌లైన్లో తీసేయండి. ప్రభుత్వ పడవలు ఒక జెట్టీ నుంచి, ప్రైవేటువి వేరే జెట్టీ నుంచి వెళ్తాయి కాబట్టి టికెట్ మీద జెట్టీ పేరు చూసి ఆటో ఎక్కండి.

పొద్దుటి ఫెర్రీ మంచిది. గాలి తక్కువ, కుదుపు తక్కువ. బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కితే కడుపులో తిప్పే మనిషి అయితే వాంతులు రాకుండా వేసుకునే మాత్ర ఏదో ఇంటి దగ్గరే డాక్టర్ని అడిగి తెచ్చుకోండి. ఫెర్రీ కదలడానికి ముందే వేసుకోవాలి, కదిలాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. ఇడ్లీ లాంటిది కొంచెం తినండి. ఖాళీ కడుపూ మంచిది కాదు, నిండు కడుపూ మంచిది కాదు.

ఎక్కడ బస చేయాలి

పోర్ట్‌బ్లెయిర్‌లో అబర్డీన్ బజార్ చుట్టుపక్కల చూసుకోండి. ఎయిర్‌పోర్టు దగ్గరే, తిండికి ఇబ్బంది ఉండదు, సెల్యులార్ జైలు నడిచి వెళ్లేంత దూరం. అక్కడ గది రాత్రి పడుకోవడానికే, దాని మీద ఎక్కువ ఖర్చు పెట్టకండి.

హావ్‌లాక్‌లో మాత్రం ఆలోచించి ఎంచుకోవాలి. ద్వీపానికి తూర్పు వైపు బీచ్‌లకు నంబర్లుంటాయి. మూడో నంబరు గోవింద్ నగర్, ఐదో నంబరు విజయ్ నగర్. డైవ్ సెంటర్లు, హోటళ్లు, బజారు ఎక్కువగా ఇటే ఉంటాయి. అందమైన రాధానగర్, అంటే ఏడో నంబరు బీచ్, పడమటి వైపు జెట్టీకి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఫొటోలు చూసి అక్కడే గది తీసుకుంటే డైవ్ రోజు చీకటితోనే లేచి ఆటో కోసం వెతుక్కోవాలి. తూర్పు వైపు గది తీసుకుని రాధానగర్‌కి ఒక సాయంత్రం వెళ్లి రండి.

అక్కడ పొద్దు మనకన్నా ముప్పావు గంట దాకా ముందే వాలిపోతుంది. గడియారం మాత్రం మనదే. చలికాలంలో ఐదున్నర కల్లా చీకటి పడిపోతుంది. సూర్యాస్తమయం చూడాలంటే నాలుగుకే బీచ్‌లో ఉండాలి. మా వాళ్లు మధ్యాహ్నం కునుకు తీసి తాపీగా బయల్దేరేసరికి ఎర్రటి ఆకాశం మాత్రమే మిగిలింది.

గది బుక్ చేసేటప్పుడు మూడు అడగండి. జెట్టీ దగ్గరకు ఎవరైనా వస్తారా, కరెంటు పోతే జనరేటర్ ఉందా, ఎన్ని గంటలకు ఖాళీ చేయాలి. ఫెర్రీల టైమును బట్టి చాలా చోట్ల పొద్దున్నే ఖాళీ చేయమంటారు. పెద్దవాళ్లుంటే గది నేలమీదే ఉందో, మెట్లెక్కాలో కూడా అడగండి. ఏటీఎంలు తక్కువ, నెట్ ఒక్కోసారి ఉండదు. రెండు మూడు రోజుల ఖర్చుకు సరిపడా నగదు పోర్ట్‌బ్లెయిర్‌లోనే తీసుకోండి. ద్వీపంలో తిరగడానికి స్కూటర్ అద్దెకిస్తారు, లైసెన్సు ఉండాలి, హెల్మెట్ అడిగి తీసుకోవాలి.

డైవ్ సెంటర్ ఎంపిక

ఇక్కడ రేటు చూసి ఎంచుకోకండి. ఫోన్లోనే ఈ ప్రశ్నలు అడగండి: ఒక్కొక్కరికీ ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ ఉంటారా? నీళ్లలోకి వెళ్లే ముందు లోతు తక్కువచోట ఎంతసేపు నేర్పిస్తారు? ఒడ్డు నుంచి నడిచి దిగడమా, పడవలో వెళ్లడమా? సముద్రం బాగోకపోతే డబ్బు వెనక్కిస్తారా, ఇంకో రోజుకు మారుస్తారా? పడవలో అత్యవసరానికి ఆక్సిజన్ ఉందా? ఆరోగ్యం గురించి ఫారం ఇస్తారా?

ఆఖరి ప్రశ్న చాలా ముఖ్యం. "ఫారం ఏమీ అక్కర్లేదు సార్, వచ్చేయండి" అన్న చోటికి వెళ్లకండి. మేం అలా చెప్పిన ఒక సెంటర్‌ని వదిలేసి వేరేచోట చేశాం.

ఈత రానివాళ్లు, సర్టిఫికెట్ లేనివాళ్లు చేసేదాన్ని డిస్కవర్ స్కూబా అంటారు. డైవింగ్ నేర్పించే PADI అనే సంస్థ నియమాల ప్రకారం దీనికి కనీస వయసు 10 ఏళ్లు, గరిష్ఠ లోతు 12 మీటర్లు. మొదటిసారి వెళ్లేవాళ్లను చాలావరకు అంతకన్నా తక్కువ లోతులోనే తిప్పుతారు. అది చాలు, రంగులు పైనే ఎక్కువ. లోతు పెరిగే కొద్దీ నీళ్లు ముందు ఎరుపు రంగును మింగేస్తాయి.

ఇంటి దగ్గరే చేయాల్సినవి

ఆరోగ్య ఫారంలో ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, సైనస్, గర్భం లాంటివన్నీ అడుగుతారు. ఏదైనా ఉంటే డాక్టర్ సంతకం కావాలి. 45 దాటి బీపీ, సిగరెట్ అలవాటు ఉన్నవాళ్లకు కూడా అంతే. అక్కడికి వెళ్లాక ఫారం చూసి "లేదు, లేదు" అని టిక్కులు పెట్టేయడం చాలా ప్రమాదం. వెళ్లే ముందే ఊళ్లో డాక్టర్ని కలిసి కాగితం రాయించుకోండి. మా పిన్నికి 52 ఏళ్లు, బీపీ మాత్ర వేసుకుంటుంది. డాక్టర్ చూసి రాసిచ్చిన కాగితం తీసుకెళ్లాం. సెంటర్‌లో దాన్ని చదివి, ఆమెకు ఇంకాస్త ఎక్కువ సమయం ఇచ్చి దింపారు.

చెవులు దిబ్బడ వదిలించడం వారం ముందు నుంచే సాధన చేయండి. ముక్కు రెండు వేళ్లతో మూసి, నోరు మూసి, ముక్కులోకి నెమ్మదిగా ఊదాలి. చెవుల్లో "టిక్" మంటుంది. గట్టిగా ఊదకూడదు. లోపలికి దిగేటప్పుడు ప్రతి మీటరుకూ ఇది చేస్తూ ఉండాలి, నొప్పి మొదలయ్యాక కాదు, ముందే. ముక్కుపుడక ఉన్న ఆడవాళ్లు మాస్క్ మీద నుంచే ముక్కు పట్టుకోవాలి కాబట్టి అది తీసేసి వెళ్లడం మేలు. ఉంగరాలు, గొలుసులు కూడా గదిలోనే ఉంచండి. తలకు ఆ పొద్దున నూనె వద్దు, మాస్క్ పట్టీ జారిపోతుంది. దట్టమైన మీసం ఉంటే మాస్క్‌లోకి నీళ్లు ఊరతాయి, ఇన్‌స్ట్రక్టర్‌కి ముందే చెప్పండి.

జలుబు చేస్తే డైవ్ వద్దు. ముక్కు దిబ్బడగా ఉంటే చెవుల్లోకి గాలి పోదు. మాత్ర వేసుకుని దిగుదామనుకోకండి. నీళ్లలో ఉండగా మందు ప్రభావం తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు ఇబ్బంది. ముందురాత్రి మద్యం తాగకూడదని వేరే చెప్పక్కర్లేదు.

నీళ్లలో

మొదట ఒంటికి అతుక్కునే రబ్బరులాంటి వెట్‌సూట్ ఇస్తారు, తర్వాత నడుముకు బరువులు, గాలి నింపే జాకెట్, దాని వెనక సిలిండర్. అందరూ ఆక్సిజన్ సిలిండర్ అంటారు. అది ఆక్సిజన్ కాదు, వడకట్టి తేమ తీసి ఒత్తిడితో నింపిన మామూలు గాలి. ఒడ్డున ఆ సామానంతా పదిహేను కిలోల పైనే బరువుంటుంది, నడవడం కష్టంగా ఉంటుంది. నీళ్లు నడుము దాటగానే ఆ బరువు మాయమవుతుంది.

మొలలోతు నీళ్లలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి మూడు నేర్పిస్తారు. సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్‌ని నోట్లో పెట్టుకుని దానితో ఊపిరి తీసుకోవడం. అది నోట్లోంచి జారితే మళ్లీ పెట్టుకుని, బలంగా ఊది నీళ్లు బయటికి పంపడం. మాస్క్‌లోకి నీళ్లొస్తే పై అంచు నొక్కిపట్టి ముక్కుతో ఊది ఖాళీ చేయడం. ఈ మూడూ తొందరపడకుండా చేయండి. రాకపోతే మళ్లీ అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.

మొదట్లో ఒక సంగతి చెబుతానన్నాను కదా, అది ఇదే. మన దగ్గర చిన్నప్పుడు కాలవలో దూకి, ఊపిరి బిగబట్టి ఎవరు ఎక్కువసేపు ఉంటారో పందెం వేసుకుంటాం. నీళ్లలో తల పెట్టగానే ఊపిరి బిగబట్టడం మన ఒంటికి అలవాటైపోయింది. స్కూబాలో చేయకూడని మొదటి పని అదే. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెండింతలు. అక్కడ ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలవుతుంది. అది వెళ్లే దారి లేక ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. లోపల ఉన్నంతసేపూ ఊపిరి ఆడుతూనే ఉండాలి. నెమ్మదిగా, లోతుగా పీల్చాలి, అంతకన్నా నెమ్మదిగా వదలాలి.

మా బావమరిది ఏటిలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదేవాడు. మోకాళ్ల మీద కూర్చున్న మొదటి నిమిషంలోనే అతని దగ్గర బుడగలు ఆగిపోయాయి. ఇన్‌స్ట్రక్టర్ భుజం తట్టి, తన ఛాతీ మీద చెయ్యి పెట్టి పీల్చు, వదులు అని చూపిస్తున్నాడు. ఇతను నాలుగుసార్లు పీల్చి మళ్లీ బిగబట్టేస్తున్నాడు. పైకి లేచి, "తెలియకుండానే ఆగిపోతుంది బావా" అన్నాడు. పక్కనే మా పిన్ని, ఈత రాని మనిషి. ఆమెకు వదిలించుకోవాల్సిన అలవాటేమీ లేదు. పీల్చమంటే పీల్చింది, వదలమంటే వదిలింది. పది నిమిషాల్లో కిందికి వెళ్లిపోయింది. బావమరిదికి అరగంట పట్టింది. మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ వదలమని చెప్పాక కుదిరింది. మీకు ఈత బాగా వస్తే ఈ అరగంట మీకూ అవసరమని ముందే అనుకుని వెళ్లండి.

సైగలు కూడా ఒంటికి పట్టించుకోవాలి. మనం బాగుంది అనడానికి బొటనవేలు పైకెత్తుతాం. నీళ్లలో దానికి అర్థం "పైకి వెళ్లిపోదాం". బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఏదైనా ఇబ్బంది ఉంటే అరచేయి పరిచి అటూ ఇటూ ఊపి, ఆ తర్వాత ఇబ్బంది ఎక్కడో చూపించాలి, చెవి అయితే చెవి. చెవి నొప్పి వస్తే ఓర్చుకుని కిందికి వెళ్లకండి. కొంచెం పైకి వస్తే తగ్గుతుంది, మళ్లీ ముక్కు మూసి ఊది దిగవచ్చు.

కింద మీరు ఈదక్కర్లేదు, ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి పట్టుకుని తిప్పుతాడు. ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా ఉంటుంది. ఫొటో తీస్తున్నారని చేతులు ఊపుతూ ఉండకండి, కాసేపు కదలకుండా ఒక్కచోటే చూడండి. నేను చూసిన పగడపు దిబ్బ మీద చిటపటమని సన్నటి చప్పుడు వినిపిస్తూనే ఉంది. చిలకముక్కు లాంటి నోటితో ప్యారట్ ఫిష్ పగడాన్ని కొరుకుతుంటే ఆ కొరుకుడు కూడా విడిగా వినపడింది. పక్కనే వేళ్లలా ఊగుతున్న సీ ఎనిమోన్ అనే సముద్ర జీవిలోకి నారింజ, తెలుపు చారల క్లౌన్ ఫిష్ దూరి, తల మాత్రం బయట పెట్టి నా మాస్క్ వైపు చూసింది. అరచేతిలో పట్టేంత చేప. నా బుడగల శబ్దానికి కూడా బెదరలేదు.

కొన్ని చోట్ల తెల్లగా, బూడిద రంగులో చచ్చిన పగడాలు కూడా కనిపిస్తాయి. 2010లో, మళ్లీ 2016లో సముద్రం వేడెక్కి అండమాన్‌లో చాలా పగడాలు పాలిపోయాయి. బతికున్నవాటిని చేత్తో తాకొద్దు, కాళ్లకు తొడుక్కునే రెక్కల్లాంటి ఫిన్స్ తగలనీయొద్దు. మన గుప్పెడంత పగడం పెరగడానికి ఏళ్లు పడుతుంది.

డైవ్ చేయనివాళ్లకు, తిరుగు ప్రయాణానికి

డాక్టర్ వద్దన్నవాళ్లు, చిన్నపిల్లలు ఒడ్డునే కూర్చోవాల్సిన పని లేదు. అడుగున అద్దం ఉన్న పడవలు ఉన్నాయి. ఎలిఫెంట్ బీచ్‌లో మాస్క్, గొట్టం పెట్టుకుని పైపైన తేలుతూ చూసే స్నార్కెలింగ్ ఉంది. ఏ బీచ్‌లోనైనా మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉంటే అక్కడ నీళ్లలోకి దిగకండి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. బారాటాంగ్ ద్వీపం యాత్రను డైవ్ ముందురోజు పెట్టుకోకండి. తెల్లవారుజామునే లేచి రోజంతా తిరగాలి, నిద్ర చాలదు. ఆ దారి జారవా ఆదివాసులు ఉండే అడవిలోంచి వెళ్తుంది, అక్కడ ఫొటోలు తీయడం నేరం.

బీచ్‌లో దొరికిన పగడపు ముక్కలు పిల్లలు జేబుల్లో వేసుకుంటారు. వన్యప్రాణి రక్షణ చట్టం కింద పగడాలు తీసుకెళ్లడం నేరం, ఎయిర్‌పోర్టులో సామాన్లు తనిఖీ చేస్తారు. గది ఖాళీ చేసే ముందే పిల్లల సంచులు ఒకసారి దులిపి, ఉన్నవన్నీ ఒడ్డునే వదిలేసి రండి.

కిందికి వెళ్లొచ్చాక ఇంకా కావాలనిపిస్తే ఓపెన్ వాటర్ కోర్సు ఉంది. మూడు నాలుగు రోజులు పడుతుంది. 18 మీటర్ల దాకా మరో డైవర్‌ని తోడు తీసుకుని వెళ్లే సర్టిఫికెట్ ఇస్తారు. దానికి 200 మీటర్లు ఆగకుండా ఈదగలగాలి, పది నిమిషాలు నీటి మీద తేలగలగాలి. మా బావమరిది ఇప్పుడు దాని కోసమే రోజూ పొద్దున్నే కాలవకు వెళ్తున్నాడు. వచ్చే ఫిబ్రవరికి టికెట్లు చూస్తున్నాం, ఈసారి పది రోజులకు.